షార్త్ర్ నీలం, రెండోసారి

రెండో కంటికి కూడా శుక్లం తీసేసి కట్టు విప్పిన రోజు, ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని నా దారాల పెట్టె తెరవడం. నలభై ఏళ్ళుగా ఎంబ్రాయిడరీ చేస్తున్నాను. పెట్టెలో ఏ రంగు ఏ మూల ఉందో కరెంటు లేకపోయినా చెప్పగలను. ఆ రోజు మాత్రం అందులో నాకు తెలియని ఉండ ఒకటి కనిపించింది. బూడిదరంగు అనుకుని ఏళ్ళ తరబడి పక్కకు నెట్టేసింది. చూస్తే నీలం! నిక్కమైన నీలం. దాన్ని పట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

డాక్టరు గారు ముందే చెప్పారు. వయసు మీదపడే కొద్దీ కంటిలోపలి కటకం మెల్లగా పసుపు తిరుగుతుంది. అది ముందుగా మింగేసేది నీలాన్నే. రోజుకింత చొప్పున జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు. చిత్రకారుడు క్లోద్ మోనే 1923లో ఒక కంటికి ఇదే ఆపరేషన్ చేయించుకున్నాక, అన్నీ మరీ నీలంగా కనబడుతున్నాయని ఇబ్బంది పడ్డాడట. నాకు ఇబ్బంది అనిపించలేదు కానీ ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. 2008లో ఫ్రాన్స్‌లో, షార్త్ర్ కేథడ్రల్ రంగుగాజు కిటికీలు చూసి, "ఇలాంటి నీలం జన్మలో చూడలేదు" అని నేను అందరికీ చెప్పుకున్న ఆ నీలం ఏది? నేను చూసింది అసలు నీలమేనా?

ఆ ప్రశ్న కోసమే 2023 జూన్‌లో మళ్ళీ వెళ్ళాను.

పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి రైలెక్కితే గంటా గంటంబావు ప్రయాణం. బోస్ అనే ప్రాంతం అది, కంటికి ఆనినంత మేరా గోధుమ చేలు. ఊరు ఇంకా రాకముందే ఆ చేల మీద రెండు శిఖరాలు లేస్తాయి. రెండూ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి 12వ శతాబ్దంలో కట్టిన నున్నని రాతి శిఖరం, రెండోది 16వ శతాబ్దపు మొదట్లో లేస్ అల్లినట్టు చెక్కింది. నడిచి వచ్చే యాత్రికులకు ఇవి ఎన్నో గంటల ముందే కనబడతాయి. నడిచి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పెంతెకోస్తు పండుగకు పారిస్ నుంచి మూడు రోజులు, దాదాపు వంద కిలోమీటర్లు నడుస్తారు. కవి షార్ల్ పెగీ కూడా 1912లో ఇలాగే నడిచి వచ్చాడు.

ఇంతమంది ఇన్ని శతాబ్దాలుగా వస్తున్నది ఒక గుడ్డ కోసం. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు గుడ్డతోనే బతికే నా గుండె ఝల్లుమంది. మరియమ్మ ధరించిందని నమ్మే పట్టువస్త్రం అది. 876లో షార్ల్ ల్ షోవ్ అనే రాజు ఈ గుడికి ఇచ్చాడు. 1194 జూన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి కేథడ్రల్ చాలావరకు కాలిపోయింది. వస్త్రం కూడా పోయిందని ఊరంతా ఏడ్చిందట. కొన్ని రోజులకు, నేలమాళిగలో దాన్ని కాపాడుకుంటూ దాక్కున్న చర్చి గురువులు దానితో సహా బయటికి వచ్చారని చెబుతారు. ఆ సంతోషంలో కొత్త గుడి పని మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు తిరిగేసరికి చాలావరకు పూర్తి చేశారు. అంత పెద్ద కట్టడానికి ఇది నమ్మలేని వేగం. అందుకే గోడలూ కిటికీలూ అన్నీ ఒకే తరం చేతి పనిలా ఉంటాయి. ఎన్నో శతాబ్దాల పాటు ఆ వస్త్రాన్ని కుట్టిన అంగీ అనుకున్నారు. 1712లో పెట్టె తెరిచి చూస్తే కుట్టే లేదు, పొడవాటి పట్టుగుడ్డ. దాని ముక్క ఒకటి ఇప్పటికీ అక్కడ చూడవచ్చు. అంచు లేదు, పువ్వు లేదు. దాని చుట్టూ మాత్రం రెండు వేల చదరపు మీటర్లకు పైగా రంగుగాజు.

2008లో నేనూ మా ఆయనా వెళ్ళినప్పుడు లోపల చీకటి. తలుపు దాటగానే కళ్ళు కనబడలేదు, మా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. రెండు నిమిషాలకు కళ్ళు అలవాటు పడ్డాక, చీకట్లో తేలుతున్నట్టు కిటికీలు. గోడలు ఉన్నాయన్న సంగతే తెలియలేదు. నల్ల గుడ్డ మీద నీలం, ఎరుపు దారాలతో ఎవరో రాత్రంతా కూర్చుని కుట్టినట్టు ఉంది. నాకు నోట మాట రాలేదు. బయటికి వచ్చాక కూడా గంటసేపు మేం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ మరుసటి ఏడాదే లోపలి గోడలను శుభ్రం చేసే పెద్ద పని మొదలైంది. కొవ్వొత్తుల పొగ, దీపాల మసి, దుమ్ము, ఇవన్నీ శతాబ్దాలుగా పేరుకుని రాయి నల్లబడిపోయింది. ఆ మసి తీస్తే కింద రాయి కాదు, పూత బయటపడింది. 13వ శతాబ్దంలోనే వేసిన లేత గోధుమరంగు పూత, దాని మీద రాళ్ళ అతుకుల్లా తెల్లని గీతలు. చాలా చోట్ల అది చెక్కుచెదరకుండా ఉంది. అంటే కట్టినవాళ్ళు ఈ గుడిని చీకటిగా ఉంచాలని అనుకోనే లేదు. దొరికినచోట ఆ పూతను శుభ్రం చేసి, లేనిచోట అదే తీరున కొత్తగా వేశారు. దీని మీద ప్రపంచమంతా పెద్ద గొడవ జరిగింది. తరతరాల ప్రార్థనలను కడిగేశారని కొందరు, అసలు గుడిని ఇప్పుడే చూస్తున్నామని కొందరు. రెండు వైపుల రాతలూ చదివి చదివి, రెండోసారి రైలెక్కేటప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. నేను దాచుకున్నది అక్కడ ఉండదేమోనని.

ఈసారి తోడుగా మా అమ్మాయి వచ్చింది. వెళ్ళింది శుక్రవారం. మామూలు రోజుల్లో నేల మీద ఉండే రాతి చిక్కుదారిని కుర్చీలు కప్పేస్తాయి, వేసవి శుక్రవారాల్లో వాటిని తీస్తారు. పదమూడు మీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ వలయంలో కొందరు చెప్పులు విడిచి నడుస్తున్నారు. నేను నడవలేదు, నా చూపంతా పైనే ఉంది.

మొదటి గంట నాకు దుఃఖంగానే ఉంది. గోడలు మీగడరంగులో వెలుగుతున్నాయి. స్తంభాలు, కమానులు, పైకప్పు నరాలు, అన్నీ కనబడుతున్నాయి, అందంగానూ ఉన్నాయి. కానీ కిటికీలు తేలడం లేదు. గోడలో కిటికీలు కిటికీల్లా ఉన్నాయి. ఇది ఎందుకో నా పనిలో నాకు బాగా తెలుసు. నల్ల గుడ్డ మీద కుట్టిన నీలం మండుతుంది. అదే ఉండలోంచి తీసిన దారం మీగడరంగు గుడ్డ మీద నెమ్మదిస్తుంది. దారం మారదు, చుట్టూ ఉన్నది మారుతుంది.

అమ్మాయితో అదే అన్నాను. అది కాసేపు ఆలోచించి, "అమ్మా, గోడలు మారాయి సరే, నీ కళ్ళు కూడా మారాయి కదా. ఏది దేనివల్లో ఎలా తేలుస్తావు?" అంది.

అని ఊరుకోకుండా బ్యాగులోంచి తన కంప్యూటర్ కళ్ళజోడు తీసి ఇచ్చింది. రాత్రిపూట స్క్రీన్ ముందు పెట్టుకునే రకం, తేనెరంగు అద్దాలు. నా కళ్ళల్లోంచి తీసేసిన పసుపును మళ్ళీ కళ్ళముందు పెట్టుకున్నట్టే. పెట్టుకుని పైకి చూశాను.

అదే! 2008లో చూసిన నీలం అదే. కొంచెం ఆకుపచ్చ కలిసిన, బూడిద పొర కప్పిన నీలం. పదిహేనేళ్ళు నేను గుండెల్లో దాచుకున్నది ఇదే. కళ్ళజోడు తీశాను. కిటికీ మీదికి నీళ్ళు పోసినట్టు నీలం బయటికి వచ్చింది. మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నన్నే చూస్తోంది. ఆవిడకు ఫ్రెంచ్‌లో చెప్పేంత భాష నాకు లేదు, కిటికీ వైపు వేలు చూపించాను. ఆవిడ తలూపింది.

అంటే రంగు నా కళ్ళ వల్ల మారింది. మెరుపు తగ్గింది గోడల వల్ల. అప్పుడు నాకు మెరుపు దొరికింది కానీ రంగు దొరకలేదు. ఇప్పుడు రంగు దొరికింది. రెండూ ఒక్కసారి చూసే భాగ్యం నాకు లేదు. ఇది తేలాక దుఃఖం పోయింది. ఇక చూడటం మొదలుపెట్టాను.

రంగుగాజు అంటే గాజు మీద రంగు పూయడం అని చాలామంది అనుకుంటారు. అప్పట్లో నేనూ అనుకున్నాను. కాదు, రంగు గాజు ఒంట్లోనే ఉంటుంది. ఇసుకా, కట్టెల బూడిదా కలిపి కరిగిస్తారు. ఇసుక ఒక పాలైతే బీచ్ చెట్టు బూడిద రెండు పాళ్ళని 12వ శతాబ్దపు తియోఫిలస్ అనే సన్యాసి రాసి పెట్టాడు. అందులో చిటికెడు కోబాల్ట్ పడితే నీలం. ఎరుపుకు రాగి. ఎరుపు గాజు మందంగా ఉంటే నల్లగా కనబడుతుంది, అందుకని తెల్లగాజు మీద పలచని ఎర్ర పొర వేసేవారు. ముఖంలో కళ్ళు, వేళ్ళ మధ్య గీతలు, బట్ట మడతలు, ఇవి మాత్రమే చేత్తో గీసినవి. లోహపు పొడి, గాజు పొడి కలిపిన గోధుమ నలుపు రంగుతో గీసి, కొలిమిలో కాల్చి గాజులో కలిసిపోయేలా చేసేవారు. ముక్కలన్నిటినీ రెండువైపులా గాడి ఉన్న సీసం పట్టీలతో కలిపేవారు. దూరం నుంచి ఆ పట్టీలు నల్లని గీతల్లా కనబడతాయి. నా కంటికి అవి కాడకుట్టు. బొమ్మ అంచు తీయడానికీ, ముక్కను పట్టి ఉంచడానికీ ఒకటే గీత పనికొస్తుంది.

ఇక్కడి నీలం గురించి ఒక ముఖ్యమైన సంగతి ఉంది. 1194 మంటల్లోనూ పడమటి ముఖద్వారం నిలిచింది. దాని మీద ఉన్న మూడు నిలువు కిటికీలు 1150 ప్రాంతంవి. వాటిలోని నీలం లేతగా, లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. 13వ శతాబ్దపు కిటికీల నీలం దానికన్నా ముదురు. పాత నీలంలో సోడా భాగం ఎక్కువ. తర్వాతి గాజులో కట్టెల బూడిద నుంచి వచ్చిన పొటాష్ ఎక్కువ. పొటాష్ గాజును తేమ తినేస్తుంది, బయటివైపు గుంటలు పడి తెల్లని పొక్కు కడుతుంది. పాత నీలం అలా తొందరగా పాడవదు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత మనం చూసి ఆశ్చర్యపోయే ఆ వెలుగులో సగం ఏ గాజు ముద్ద ఏ కొలిమిలో పుట్టిందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

ఈసారి బైనాక్యులర్ తీసుకెళ్ళాను. షార్త్ర్ వెళ్ళేవాళ్ళు బైనాక్యులర్ లేకుండా వెళ్ళొద్దు. దక్షిణం వైపు నడవాలో మంచి సమరయుడి కిటికీ ఉంది. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్ళే మనిషిని దొంగలు కొట్టడం, యాజకుడూ లేవీయుడూ పక్కనుంచి వెళ్ళిపోవడం, చివరికి పరాయివాడైన సమరయుడు ఆదుకోవడం. దాన్ని కింది నుంచి పైకి చదవాలి. పైకి వెళ్ళేకొద్దీ అది ఆదాము హవ్వల కథగా మారుతుంది. 2008లో నాకు ఆ కిటికీలో రంగుల ముద్ద తప్ప ఏమీ తెలియలేదు. ఇప్పుడు అన్నిటికన్నా కింద, కంటికి దగ్గరగా ఉన్న గడుల్లో చెప్పులు కుట్టేవాళ్ళు కనబడ్డారు. తోలు మీద వంగి పని చేసుకుంటున్నారు. దేవుడి కథ మొదలవడానికి ముందు ఒక పనివాడి వంగిన వీపు. ఆ వంపు నాకు తెలుసు, సాయంత్రానికి నా నడుము పట్టేసే వంపు అదే.

ఇలా ఎన్నో కిటికీల కింద పనివాళ్ళున్నారు. నోవహు కిటికీ కింద వడ్రంగులు, బండిచక్రాలు చేసేవాళ్ళు. గర్భగుడి వెనకాల రొట్టెలవాళ్ళు. ఇంకోచోట ఉన్నిబట్టల, బొచ్చుబట్టల వర్తకులు. ఈ కిటికీలకు డబ్బిచ్చింది వీళ్ళేనని చాలాకాలం అనుకున్నారు. అది అంత సూటి సంగతి కాదని ఇప్పటి చరిత్రకారులు కొందరు వాదిస్తారు. ఎవరు డబ్బిచ్చినా సరే, ఆ చెప్పులు కుట్టేవాడు మాత్రం రాజులతో సమానంగా అదే నీలంలో కూర్చున్నాడు.

గోడలు కడగడం సబబేనని నేను ఒప్పుకున్నది ఆ గడి దగ్గరే. చీకట్లో కిటికీలు మండేవి, నిజమే. కానీ మంటను చూశాను తప్ప మనుషుల్ని చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. లోపల ఒక స్తంభం మీద మరియమ్మ చెక్క విగ్రహం ఉంది, నోత్ర్ దామ్ ద్యు పిలియే అంటారు. ఎన్నో తరాలు ఆమెను నల్లని తల్లిగా కొలిచాయి. 2008లో నేను దండం పెట్టింది నల్లని ముఖానికే. ఈ పనుల్లో ఆ విగ్రహాన్నీ శుభ్రం చేసి రంగులు వేశారు. ఇప్పుడు తెల్లని ముఖం, ఎర్రని బుగ్గలు. నలుపు అసలు రంగు కాదు, తర్వాత వచ్చిందే అంటారు. కావచ్చు. గోడ మీది మసికి ఎవరూ మొక్కలేదు, ఈ ముఖానికి మొక్కారు. ఆ తేడా చూసి ఉండాల్సింది. ఉత్తరపు గులాబీ కిటికీ కింద, పసిపాప మరియమ్మను ఎత్తుకున్న ఆమె తల్లి అన్నమ్మ నల్లని ముఖంతోనే నిలబడి ఉంది. నేను ఆమె దగ్గరికి వెళ్ళి మొక్కుకున్నాను.

ఈ గాజు ఇప్పటిదాకా ఉండటమే ఒక అద్భుతం. 18వ శతాబ్దంలో ఇక్కడి గురువులే, గర్భగుడిలో వెలుతురు చాలడం లేదని కొన్ని కిటికీల్లోంచి రంగుగాజు తీయించేసి తెల్లగాజు పెట్టించారు. 1836లో పైకప్పు దూలాలన్నీ కాలిపోయాయి, కిటికీలు బతికాయి. 1918లో ఒకసారి, 1939లో మళ్ళీ, యుద్ధానికి భయపడి గాజునంతా పలకలు పలకలుగా విప్పి పెట్టెల్లో సర్ది దూరం తరలించారు. ఒక్కో కిటికీలో ఎన్ని వందల ముక్కలో ఊహించండి. 1944 ఆగస్టు 16న అమెరికన్ సైన్యం ఊరికి చేరినప్పుడు, శిఖరాల్లో జర్మన్లు ఉన్నారన్న అనుమానంతో కేథడ్రల్ మీదికి ఫిరంగులు పేల్చాలని అనుకున్నారు. వెల్బోర్న్ గ్రిఫిత్ అనే కల్నల్ ముందుకు వచ్చి, తానే లోపలికి వెళ్ళి చూసి, ఎవరూ లేరని తేల్చాడు. ఫిరంగులు ఆగాయి. అదే రోజు పక్క ఊరు లెవ్‌లో ఆయన చనిపోయాడు.

ఇప్పటి శత్రువు తేమ. బాగుచేసిన కిటికీలకు బయటివైపు ఇంకో గాజు పొర పెట్టి, పాత గాజును కొంచెం లోపలికి జరిపి, మధ్యలో గాలి ఆడేలా చేస్తున్నారు. వానా చలీ ఆ కొత్త పొర భరిస్తుంది. లోపలి నుంచి చూస్తే ఆ పొర ఉన్నట్టే తెలియదు.

మధ్యాహ్నం ఎండ దక్షిణం వైపు తిరిగాక బెల్ వెర్యేర్ ముందు కూర్చున్నాం. అందమైన గాజు కిటికీ అని దాని పేరుకు అర్థం. ఎర్రని నేపథ్యంలో, ఒడిలో బిడ్డతో, లేతనీలపు బట్టల్లో మరియమ్మ. ఆ నాలుగు పలకలు 1180 ప్రాంతంవి. మంటల నుంచి బయటపడ్డాక వాటిని కొత్త కిటికీలో మధ్యన పొదిగి, చుట్టూ దేవదూతలను చేర్చారు. పాత చీర మధ్యభాగం తీసి కొత్త గుడ్డకు అతికినట్టు. కింద యేసు వెళ్ళిన కానా ఊరి పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షారసమవుతున్నాయి.

నేను దారాల పెట్టెలోంచి ఐదు నీలాలు ఏరి తెచ్చుకున్నాను, ఆ బూడిద ఉండతో సహా. ఒక్కొక్కటీ కంటి ముందు పెట్టుకుని ఆ బట్టతో పోల్చాను. ఒక్కటీ కలవలేదు. దారం వెలుతురును వెనక్కి విసిరేస్తుంది, గాజు తనలోంచి పోనిస్తుంది. కలవదని తెలిసే తెచ్చాను. అయినా బైనాక్యులర్‌తో ఆ బట్టనే ముక్క ముక్కగా చూస్తూ పోతే అసలు సంగతి తెలిసింది. అది ఒక నీలం కానే కాదు. మోకాలి దగ్గర ఆకాశం, భుజం మీద ఇంకా లేత, మడతలో నెమలికంఠానికి దగ్గరగా ఒకటి, పక్కనే పాలు కలిపినట్టు ఇంకొకటి. ఒకే కుండలో కరిగిన గాజు కూడా మందం మారితే రంగు మారుతుంది. ఆ ముక్కలను ఏరి పేర్చిన మనిషి ప్రతిదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసే ఉంటాడు.

"ఎన్ని లెక్కపెట్టావమ్మా?" అని అడిగింది అమ్మాయి. ఎనిమిది అన్నాను.

ఇంటికి వచ్చాక మీగడరంగు గుడ్డ ఒకటి ఫ్రేముకు బిగించాను. నలుపు కాదు, మీగడరంగే. ఆ బట్ట ఒక్కటే, నా అరచేయంత. ఏడు నీలాలు దొరికాయి. ఆ మోకాలి దగ్గరి ఆకాశానికి ఇంకా వెతుకుతున్నాను.